కర్తృపదము లేని వాక్యము: జెరికో చిత్రించిన ‘మెడూసా తెప్ప’

వ్యాకరణమునందే ప్రొద్దుపుచ్చినవాడు చిత్రమును గుఱించి వ్రాయబూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని వాక్యమున కర్త యెవడు, కర్మ యేది, చెప్పబడినదెంత, చెప్పక విడువబడినదెంత యని విచారించుటయే మా శాస్త్రమునకు నిత్యకృత్యము. వర్ణమను పదమునకు అక్షరమనియు రంగనియు రెండర్థములు గలవు గదా. అక్షరముల కూర్పునకు చెల్లిన విచారము రంగుల కూర్పునకును కొంతదూరము చెల్లునని నా నమ్మకము. ఆ నమ్మకమును పరీక్షించుకొనుటకై, 1819 సం॥న పారిస్ నగరమున ప్రదర్శింపబడిన ‘మెడూసా తెప్ప’ యను తైలవర్ణచిత్రమును ఇచ్చట విమర్శకు గైకొనుచున్నాను. దీనిని రచించినవాడు థియొడోర్ జెరికో. చిత్రమిప్పుడు ఆ నగరమందే లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్నది. నేను మూలమును చూడలేదు. ముద్రితములైన ప్రతికృతులను మాత్రమే చూచితిని. ఈ లోపము నా విమర్శకు ఎంతవఱకు బాధకమో తరువాత చెప్పెదను.

కథ చరిత్రప్రసిద్ధమే యైనను, విమర్శకు వలసినంత మట్టుకు చెప్పుట యవసరము. 1815లో నెపోలియను పరాజితుడైన పిమ్మట ఫ్రాన్సు సింహాసనము బూర్బన్ వంశీయుడగు 18వ లూయీకి మరల దక్కెను. ఆంగ్లేయులు తిరిగి యీయనొప్పుకొనిన సెనెగాల్ ప్రాంతమును స్వాధీనపఱచుకొనుటకై 1816 జూన్ నెలలో నాలుగు నావలు ఫ్రాన్సునుండి బయలుదేరెను. వానిలో ముఖ్యమైనది మెడూసా యను యుద్ధనౌక. దానిపై ఇంచుమించు 400 మంది యుండిరి. నౌకాధిపతి షోమరే యను ప్రభువంశీయుడు. విప్లవకాలమున దేశము విడిచి రాజపక్షమున నిలిచినవాడగుటచే అతనికీ పదవి లభించెను. అంతకుముందు ఇరువది యేండ్లకు పైగా అతడు నౌక నడిపియుండలేదు. జూలై 2వ తేదీన ఆఫ్రికా పశ్చిమతీరమున ఆర్గ్విన్ అనుచోట ఓడ ఇసుకమేట నెక్కి చిక్కుకొనెను. అందఱికి చాలునన్ని పడవలు లేవు. అందుచే దూలములను త్రాళ్లతో బిగించి యొక తెప్ప కట్టి, దానిపై 147 మందిని ఎక్కించిరి. పడవలవారు దానిని మోకులతో లాగుకొనిపోవలెనని యేర్పాటు. కొంతదూరము పోయినంతనే ఆ మోకులు విడువబడెను. పదుమూడు దినములకు, జూలై 17వ తేదీన, ఆర్గుస్ అను నావ ఆ తెప్పను చేరునప్పటికి ప్రాణములతో నున్నవారు 15 మంది. ఆ నడుమ దప్పి, ఆకలి, తిరుగుబాటు, నరమాంసభక్షణము అన్నియు జరిగెను.

పై కథనమున ‘మోకులు విడువబడెను’ అని నేను కర్మణిప్రయోగము చేసితిని. పఠితలు దానిని గుర్తుంచుకొనవలెనని ప్రార్థన.

ఈ వార్త దాగలేదు. తెప్పపైనుండి బ్రతికివచ్చిన వైద్యుడు సవిన్యీ వ్రాసిన నివేదిక 1816 సెప్టెంబరున ఒక వార్తాపత్రికలో వెల్లడియయ్యెను. 1817లో అతడును, అతనితోపాటు బ్రతికిన కొరెయారును కలిసి ఒక గ్రంథము ప్రకటించిరి. షోమరే సైనికన్యాయసభయందు విచారింపబడి మూడేండ్ల చెఱకు పాత్రుడయ్యెను. కాని ప్రజలడిగిన ప్రశ్న యంతతో తీరలేదు. ఓడను చెఱచినవాడు షోమరే యగుగాక. షోమరేకు ఓడ నిచ్చినవాడెవడు? జన్మమును, రాజభక్తిని చూచి పదవులిచ్చు పరిపాలనయే కదా? కర్తకు ప్రేరణ చేసినవానిని వ్యాకరణము హేతుకర్త యనును. ప్రజలు వెదకినది హేతుకర్తను.

జెరికో ఇరువదియేడేండ్లవాడై యుండి 1819 జూలైలో చిత్రమును ముగించెను. ఆ యేటి ఆగస్టున పారిస్ నగరపు రాజకీయ ప్రదర్శనమున దానిని ఉంచినప్పుడు, దానికి పట్టికయందు ఇచ్చిన పేరు ‘నౌకాభంగ దృశ్యము’ అని మాత్రమే. మెడూసా పేరుగాని, నాయకుని పేరుగాని, సంవత్సరముగాని అందులేదు. ఈ పేరును వ్యాకరణరీతిని పరికింపవలెను. ఓడ యను అర్థముగల పదమును, విఱుచుట యను అర్థముగల ధాతువును కలిసి యేర్పడిన లాటిను సమాసమే ఆ ఫ్రెంచి పదమునకు మూలము. కావున మన ‘నౌకాభంగము’ దానికి అవయవశః సరిపోవును. ‘నౌకయొక్క భంగము’ అని విగ్రహము చెప్పినచో, కృదంతయోగమందలి షష్ఠి కర్తకును కర్మకును సాధారణము. నౌకను ఎవడో భంగపఱచెనా, నౌక తానే భంగపడెనా యనునది పదమువలన తేలదు. ‘కట్టె తానే చీలినది’ యన్నట్లు, గొడ్డలిపట్టిన చేతిని మఱపించి కర్మనే కర్తగా నిలుపు ప్రయోగమును మేము కర్మకర్తరి యందుము. ఆ పట్టికలోని పేరు చేసినపని యిదియే. ఓడ తానే విఱిగినదట!

ఇచ్చట పూర్వపక్షమొకటి కలదు. ‘చిత్రమునకు రసమే ప్రధానము. ఇందు కరుణరసమును, భయానకమును పుష్కలముగా నున్నవి. సముద్రమున దిక్కులేక తేలుచున్న మానవులను చూచి ఎవని హృదయము కరగదు? షోమరే కథ, బూర్బన్ రాజుల కథ చరిత్ర చదివినవానికి తెలియును, చిత్రమున లేవు. లేని యర్థమును తెచ్చి యంటగట్టుట విమర్శ కాదు’ అని. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. చిత్రమున రాజచిహ్నము లేదు, నాయకుడు లేడు, దోషి యెవ్వడును కానరాడు. అయినను రాజకీయార్థము పైనుండి తెచ్చినది కాదనియు, గుడ్డమీద రంగు పూసిన తీరులోనే యున్నదనియు నా సిద్ధాంతము.

మొదటిది పరిమాణము. చిత్రము ఎత్తు ఇంచుమించు 16 అడుగులు, వెడల్పు 23 అడుగులకు మించినది. ఆ కాలపు ఫ్రెంచి సంప్రదాయమున ఇంత గుడ్డ పట్టాభిషేకములకు, యుద్ధజయములకు, పురాణగాథలకు, పవిత్రచరిత్రలకు కేటాయింపబడినది. సామాన్యుల కష్టసుఖములకు చిన్నపటములు చాలునని నియమము. మన మహాకావ్యలక్షణమున నాయకుడు ధీరోదాత్తుడు కావలెననుట వంటిదే యిదియు. జెరికో ఆ లక్షణమును ఉల్లంఘింపలేదు. దాని స్థానమున మఱియొకరిని కూర్చుండబెట్టెను. రాజుండవలసినచోట పేరులేని సైనికులును నావికులును ఉన్నారు. ఇది మాటలతో చెప్పిన నింద కాదు. గజములతో కొలిచి చెప్పిన నింద.

రెండవది తెప్ప. జెరికో పరిశ్రమ చూడుడు. తెప్పపైనుండి బ్రతికివచ్చిన ఓడవడ్రంగిచేత చిన్న నమూనా చేయించుకొనెను. సవిన్యీ కొరెయారులను రావించి సంగతులు అడిగెను. సమీపమందలి వైద్యాలయమునకు పోయి రోగులను, మృతులను చూచి వ్రాసికొనెను. ఫలితముగా తెప్పయందలి దూలములు, ముడులు, త్రాళ్లు, ఎడములు స్పష్టముగా కనబడును. తెప్ప మూల చిత్రపు అడుగంచువఱకు వచ్చి చూచువాని పాదములకు తగులునట్లుండును. ఇంత శ్రద్ధ దూలములయందేల? ఘటమును చూచినవాడు కుమ్మరిని ఊహించునని నైయాయికులందురు. కెరటము కృతకము కాదు, తెప్ప కృతకము. కృతకమైనదానికి కర్త యుండితీరవలెను. ఓడను తుపాను చెఱుపలేదు. తెప్పను సముద్రము కట్టలేదు. మోకులు తమంత విడివడలేదు. పట్టికలోని పేరు అపహరించిన కర్తను దూలములును త్రాళ్లును తిరిగి యడుగుచున్నవి. దీనినే నేను చిత్రమందలి ధ్వని యనుచున్నాను.

మూడవది కూర్పు. బొమ్మలు రెండు గోపురములుగా పేర్చబడినవి. ఎడమవైపున తెఱచాపకొయ్యయు దాని త్రాళ్లును ఒక గోపురము. కుడివైపున ఒకరిపై నొకరు లేచుచున్న మనుష్యులు రెండవ గోపురము. క్రింద శవములు, వాని ప్రక్కన చనిపోయిన పడుచువానిని ఒడిని బెట్టుకొని వీపు త్రిప్పి కూర్చున్న ముసలివాడు. అచ్చటనుండి చూపు మెట్లెక్కునట్లు పైకి పోవును. శిఖరమున ఒక నల్లజాతివాడు పీపాపై నిలిచి గుడ్డ నూపుచున్నాడు. ఆతని మొగము మనకు కనబడదు. అతడు చూచుచున్న ఆర్గుస్ నావ దిగంతమున చుక్కవలె నున్నది. గాలి తెఱచాపను ఆ నావకు ఎదురుదిక్కునకు లాగుచున్నది. రక్షణము జరిగిన క్షణము కాదిది. నావ యొకసారి కనబడి మఱల మఱుగైన క్షణము. ఆశకును గాలికిని నడుమ జరుగు పెనుగులాటయే చిత్రవిషయము.

శిఖరమున నల్లవానిని నిలుపుట యాదృచ్ఛికము కాదు. మెడూసా పోవుచుండినది సెనెగాల్ దేశమునకు. ఆ తీరము బానిసవర్తకమునకు పేరుపడినది. 1818లో ఫ్రెంచి శాసనము ఆ వర్తకమును నిషేధించినను అది చాటుగా సాగుచునే యుండెను. ఫ్రెంచి వలసలలో బానిసత్వము 1848 వఱకు నశింపలేదు. బ్రతికినవారిలో నల్లజాతి సైనికుడొకడుండెననుట చరిత్ర. కాని అతనిని గోపురశిఖరమున నిలుపుట చరిత్ర కాదు, చిత్రకారుని నిర్ణయము. లోకమున అట్టడుగున నున్నవానిని చిత్రమున అన్నిటికంటె మీద నుంచుట పదక్రమమును మార్చి అర్థమును మార్చుట వంటిది.

ఇక ద్రవ్యవిచారము. తైలవర్ణమునకు ఆధారము అవిసెనూనె. ఇది నీటివలె ఆవిరియై ఆఱదు. గాలియందలి ప్రాణవాయువును గ్రహించి మెల్లమెల్లగా గట్టిపడును. అందుచే పొరపై పొర వేయువాడు, క్రిందిది కదలకుండ నిలిచిన పిమ్మట మీదిది ఆఱునట్లు చూచుకొనవలెను. జెరికో త్వరగా ఆఱు నూనెను వాడి, మూర్తి తరువాత మూర్తిని ముగించుకొనుచు పోయెనని ఆతని పనిశాలలో నుండిన శిష్యుడు మోంఫోర్ చెప్పియున్నాడు. ఆతని పలకపై రంగులు కొలదియే. అందును మట్టిరంగులు, నలుపులు హెచ్చు. వానితోపాటు బిట్యుమెన్ అను ద్రవ్యముండెను. ఇది నేలనుండి పుట్టెడు నల్లని జిగురు. ఇప్పుడు బాటలకు వేయుచున్న దానివంటిది. నూనెలో కలిపి పలుచగా పూసినచో క్రొత్తలో కాంతి చొచ్చుకొనిపోవు వెచ్చని గోధుమవన్నె నిచ్చును. శవములపై నీడకు, తడిసిన కొయ్యకు, సంధ్యాకాశమునకు ఇంతకంటె అనువైన వన్నె దొరకదు. కాని దాని కొక దోషము కలదు. అది యెన్నటికిని పూర్తిగా గట్టిపడదు, వేడికి మెత్తబడును, తనతో కలిసిన నూనెను ఆఱనీయదు. మీది పొర గట్టిపడి క్రిందిది కదలుచుండగా మీదిది చీలును, ముడుతలు పడును. కాలక్రమమున వన్నెయు నల్లబడి, లోతుగా నుండిన నీడ మూసిన తలుపువలె నగును.

మెడూసా తెప్పకు పట్టిన గతి యిదియే. 1859, 60 సంవత్సరములలో, అనగా చిత్రము పుట్టి నలువదేండ్లకే, అది చెడిపోవుచున్నదని పెద్దప్రమాణమున నొక ప్రతి వ్రాయింపవలసి వచ్చెను. గీమే, రోంజా యను ఇరువురు చిత్రకారులు దానిని సిద్ధపఱచిరి. ఆ ప్రతి అమియాఁ నగరపు ప్రదర్శనశాలలో నున్నది. తాళపత్రగ్రంథములతో పనిచేసినవారికి ఈ స్థితి తెలియనిది కాదు. మూలము పురుగు తిన్నది. పాతప్రతి యొకటి మిగిలినది. దానిని వ్రాసినవాడును మూలము చెడుట ప్రారంభించిన పిమ్మటనే వ్రాసెను. నేను చూచిన ముద్రిత ప్రతికృతులలో ఒకదానియందు కుడిమూలనున్న కొయ్యలు తేటగా నున్నవి. వేఱొకదానియందు అచ్చట మసి తప్ప మఱేమియు లేదు. ముద్రాపకుడు వెలుగు పెంచెనో తగ్గించెనో! ఇవి పాఠభేదములు. ఒక పాఠముపై ఆధారపడి ‘ఈ చీకటియే జెరికో హృదయము’ అని వ్రాయు విమర్శకుడు, గ్రంథపాతమునకు అలంకారము పేరు పెట్టువానివంటివాడు. చీకటిలో కొంత కవిది, కొంత కాలముది. రెండింటిని వేఱుపఱుపకుండ ప్రశంసింపరాదు.

అయినచో ‘చిత్రము తానే నల్లబడినది’ అందమా? ఇదియు కర్మకర్తరియే. ఓడ తానే విఱిగినదనుటను ఒప్పనివారము, చిత్రము తానే చెడినదనుటను మాత్రమేల ఒప్పవలెను? బిట్యుమెనును పలకపై పెట్టుకొనినవాడు జెరికో. క్షణికమైన వెచ్చదనమునకై ఆఱని ద్రవ్యమును ఎన్నుకొనినవాడు ఆతడే. ఆ కాలమున పలువురు దానిని వాడుచుండిరనుట అతని దోషమును తగ్గించునేకాని తుడిచివేయదు. బాధ్యతను అడుగుటకై చేసిన చిత్రమును గుఱించి మాటాడుచు, దానిని చేసినవాని బాధ్యతను మఱచుట న్యాయము కాదు.

ఇంతకంటె గట్టిదగు ఆక్షేపమొకటి చిత్రముపై కలదు. కొందఱు విమర్శకులు మూర్తులు బలిష్ఠములుగా నున్నవనియు, పదుమూడు దినములు తిండిలేని దేహములట్లుండవనియు దూఱిరి. దాని నేను పెద్దతప్పుగా గణింపను. మహాకావ్యపరిమాణమునకు తగిన దేహములవి. నా యాక్షేపము వేఱు. తెప్పపై జరిగిన పనులకెల్ల సముద్రమును, షోమరేయును మాత్రమే కర్తలు కారు. తిరుగుబాట్లలో ఒకరినొకరు నఱికికొనిరి. తుదకు ముప్పదిమందికి లోపుగా మిగిలినప్పుడు, ఉన్న ద్రాక్షసారాయము చాలదని తలచి, బలముగలవారు ఆలోచించి దుర్బలులను సముద్రమున త్రోసిరి. ఈ సంగతిని సవిన్యీ కొరెయారులే తమ గ్రంథమున ఒప్పుకొనిరి. వారిరువురును అట్లు మిగిలిన 15 మందిలోనివారు. చిత్రమున వారెచ్చట నున్నారు? తెఱచాపకొయ్య చెంత, నిటారుగా, గౌరవముతో నిలిచియున్నారు. జెరికో మొదట తిరుగుబాటును, నరమాంసభక్షణమును గూడ చిత్తులుగా గీచి చూచెను. తుదకు వానిని విడిచిపెట్టెను. కుడివైపున నెత్తుటి మరకగల యొక గొడ్డలి మాత్రము మిగిలినది. చిన్నప్రతులలో దానిని వెదకి పట్టుకొనవలెను.

గొడ్డలి యున్నది, పట్టిన చేయి లేదు. కరణమును చూపి కర్తను దాచుట యిది. రాజపక్షము ఓడవిషయమున చేసినదానినే చిత్రకారుడు తెప్పవిషయమున చేసెనని నేను చెప్పక తప్పదు. అతనికి సమాధానము లేకపోలేదు. తెప్పలోని దుర్బలులను త్రోసినవారిని చూపినచో, ‘చూడుడు, వీరే దుష్టులు’ అని మంత్రులు సంతోషించి యుందురు. త్రోయవలసిన స్థితికి వారిని తెచ్చినవారు తప్పించుకొనియుందురు. పెద్దకర్తను పట్టుకొనుటకై చిన్నకర్తను విడిచెను. ఇది రాజనీతియందు చెల్లును. సత్యమునందు సగమే చెల్లును. ఆ గొడ్డలిని పూర్తిగా చెఱిపివేయక యుంచినందుకు మాత్రము జెరికోను మెచ్చవలెను. తాను చెప్పనిదానికి గుర్తు నిలిపిన రచయిత, చెప్పనిది లేనేలేదనువానికంటె నమ్మదగినవాడు.

చిత్రము కొనువారు లేక కొంతకాలము చుట్టబడి యుండెను. 1820లో లండనున రుసుముపై ప్రదర్శింపబడగా ఇంచుమించు 40,000 మంది చూచిరి. జెరికో 1824 జనవరిలో 32 ఏండ్ల వయస్సున మరణించెను. ఆ యేడే లూవ్ర్ చిత్రమును కొనెను. ఏ ప్రభుత్వముపై అది ధ్వనిగా నింద మోపెనో, ఆ బూర్బన్ ప్రభుత్వపు కాలముననే అది వారి భవనమున చేరినది. పేరు మాత్రము అచ్చట ‘నౌకాభంగ దృశ్యము’గా నిలువలేదు. లోకము దానిని ‘మెడూసా తెప్ప’ యనియే పిలుచుచున్నది. దాచిన విశేష్యము ప్రజల నోట తిరిగివచ్చినది.

పాఠశాలలలో చరిత్ర చెప్పు పండితులకు ఒక విన్నపము. ‘రాజ్యము పడిపోయెను’, ‘కాటకము వచ్చెను’, ‘ఓడ మునిగెను’ అని పాఠములలో తఱచుగా చదివింతుము. బాలుడు కర్త యెవరని యడిగినప్పుడు ‘రాజ్యమే కర్త, కాటకమే కర్త’ యని చెప్పి ముందునకు పోవుదుము. వ్యాకరణమున అది సాధువే. కాని అచ్చట ఒక్కనిమేషము ఆగి, ఈ వాక్యమున చేయి యెవరిది, మోకు విడిచినవారెవరు అని యడుగుట కూడ వ్యాకరణమే. ఆ ప్రశ్న నేర్చిన బాలునికి ఈ చిత్రమును చూపుడు. అతడు మొదట గుడ్డ నూపువానిని చూచును, పిమ్మట చుక్కవంటి నావను చూచును. తుదకు గొడ్డలిని కనుగొన్నచో, మన పని నెఱవేఱినట్లే.